డయాలిసిస్ బెడ్డు మీద నీటిరంగుల పెట్టె: ఒక రిటైర్డు కండక్టరు రివ్యూ

ముందు సరుకేమిటో చెప్తాను. అరచేతి కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా. లోపల బుల్లి గళ్ళలో గట్టి నీటిరంగులు, మొత్తం 24. మూత తెరిస్తే రంగులు కలుపుకునే పళ్ళెం. పక్కనే రెండు ముక్కలుగా విప్పి పెట్టిన బ్రష్షు. దాని పిడి బోలుగా ఉంటుంది, అందులోనే నీళ్ళు నింపుకోవాలి. ఓ స్పాంజి ముక్క. ఊళ్ళు తిరుగుతూ బొమ్మలు వేసేవాళ్ళ కోసం చేసిన పెట్టె ఇది. నేనిప్పుడు తిరిగేదల్లా ఇంటికీ డయాలిసిస్ సెంటరుకీ మధ్యనే.

మా అమ్మాయి ఆన్‌లైన్లో తెప్పించింది, పదిహేను వందల లోపే పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో నాలుగైదు కంపెనీల పెట్టెలు దొరుకుతున్నాయి, పైగా కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి. ఈ పెట్టెల మీద నేను చూసిన రివ్యూలన్నీ కొండలూ సముద్రాలూ వేసేవాళ్ళు రాసినవే. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చుకుని నాలుగు గంటలు పడుకునేవాడికి ఇది పనికొస్తుందా అని ఒక్కరూ రాయలేదు. అందుకే పూనుకున్నాను.

నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట పక్క పల్లె. ఒకప్పుడు ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. ఇప్పుడు పేపర్లో ఉద్దానం అని కనబడితే ఆ పక్కనే కిడ్నీ అని ఉంటుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, అన్ని మండలాలదీ అదే కథ. ఎంతమంది వచ్చి నీళ్ళు, నేల, రక్తం పరీక్షలకి పట్టుకెళ్ళినా ఫలానా దానివల్లే వస్తోందని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. నేను మాత్రం విశాఖలో అమ్మాయి దగ్గర ఉండి చేయించుకుంటున్నాను, వారానికి మూడు సిట్టింగులు.

ఇక అసలు సంగతి, ఆ బ్రష్షు. రంగుల కోసమైతే ఈ పెట్టె కొననక్కర్లేదు, బ్రష్షు కోసం కొనాలి.

డయాలిసిస్ హాల్లో ఎడమ చెయ్యి నాది కాదు. ఫిస్టులా ఉన్న చెయ్యి అది, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా లోపల రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి. సాధారణంగా మనం ఎక్కువ వాడని చేతికే ఫిస్టులా పెడతారు, అదొక్కటే అదృష్టం. మోచెయ్యి కాస్త వంగిందా, మెషిన్ కూత పెడుతుంది, టెక్నీషియన్ కుర్రాడు "కదపకండి సార్" అంటూ పరిగెత్తుకొస్తాడు. అంటే పనంతా కుడిచేత్తోనే జరగాలి. ఇప్పుడు మామూలు బ్రష్షుతో బొమ్మ వేయడం ఊహించుకోండి. నీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలి? పరుపు మీద పెడితే ఒలుకుతుంది. స్టూలు మీద పెడితే చెయ్యి అందదు. అదీగాక, రంగునీళ్ళ గ్లాసు తెరిచి పెట్టుకుంటానంటే మా సిస్టర్ ఒప్పుకోలేదు. సూదులూ ట్యూబులూ ఉండే చోట మురికినీళ్ళు ఉండకూడదంది. ఆవిడ అన్నది న్యాయమే.

ఈ బ్రష్షుకి గ్లాసుతో పనిలేదు. ఇంట్లోనే పిడిలో నీళ్ళు నింపుకుని మూత బిగించి జేబులో వేసుకుంటాను. బొటనవేలితో పిడిని మెల్లగా నొక్కితే కుచ్చులోకి నీళ్ళు దిగుతాయి. రంగు మార్చాలంటే మళ్ళీ నొక్కి, టిష్యూ మీద రెండుసార్లు రాస్తే తెల్లబడుతుంది. అంతా ఒంటిచేతి పని. ఆ పిడిలో పట్టేది పది మిల్లీలీటర్ల లోపే, దాంతో పోస్టుకార్డు సైజు బొమ్మ సుఖంగా అయిపోతుంది.

నీళ్ళ లెక్క ఎందుకు చెప్తున్నానో మా డయాలిసిస్ వాళ్ళకి తెలుసు. నాకు రోజుకి లీటరులోపే రాశారు, పాలు, చారు, మజ్జిగ, మాత్ర మింగే గుక్కెడు కూడా అందులోనే. అటు మెషిన్ సంగతి చూడండి. నిమిషానికి అర లీటరు చొప్పున రక్తాన్ని శుభ్రం చేసే మందునీళ్ళు పోతుంటాయి, నాలుగు గంటలకి 120 లీటర్లు. నా పక్క నుంచే 120 లీటర్లు పారుతుంటే నేను ఐసు ముక్క చప్పరిస్తూ కూర్చుంటాను. బ్రష్షులో నీళ్ళు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. డైటీషియన్ గారు కూడా నవ్వి ఊరుకున్నారు.

ఒక హెచ్చరిక ఇక్కడే. గొంతెండినప్పుడు బ్రష్షు కొస నాలిక మీద పెట్టి మొన తీసే అలవాటు కొందరికి ఉంటుంది. వద్దు. రంగుల్లో ఏమేం కలుస్తాయో మనకి తెలీదు, ఒంట్లోది వడగట్టే పని మన కిడ్నీలు ఎప్పుడో మానేశాయి.

ఏం వేస్తానంటారా? సామాన్లు. ఇంట్లో సామాన్లే. హాల్లో చూడ్డానికి ఏముంటుంది, మెషిన్లు, పచ్చ తెరలు, నాలాంటి మొహాలు. అందుకని వెళ్ళేటప్పుడు ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు సంచిలో వేసుకెళ్తాను. మొదట్లో మా ఇంటావిడ, "రోజుకో గిన్నె పట్టుకుపోతున్నారేమిటండీ, అక్కడ కాపురం పెడతారా?" అంది. ఇప్పుడు తనే తోమి, గుడ్డ చుట్టి ఇస్తుంది. తోమకుండా ఇవ్వమంటే వినదు. మసి ఉంటేనే బొమ్మ బాగుంటుందని ఎన్నిసార్లు చెప్పినా "నలుగురూ చూసేచోటికి అట్లా పంపిస్తానా" అంటుంది.

ముందుగా వేసింది నా విజిల్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నోట్లో ఉన్నదే. పైన తెల్లటి పూత, లోపల ఇత్తడి. పెదాలు ఆనే చోట పూత అరిగిపోయి పసుప్పచ్చగా బయటపడింది. ఇన్నేళ్ళూ ఆ అరుగుడు నేను చూడలేదు, వేద్దామని కళ్ళెదురుగా పెట్టుకుంటేగానీ కనబడలేదు. అరిగిన అంచు తిన్నగా లేదు, ఎడమవైపు ఎక్కువ. బస్సులో వెనక్కి తిరిగి, నోటికి ఓ పక్కన పెట్టుకుని ఊదేవాణ్ణి కాబట్టి అయ్యుంటుంది. ఆ వంకర అచ్చంగా దింపడానికి ఒక సిట్టింగంతా పట్టింది. నాలుగో గంటలో కాలి పిక్కలు పట్టేస్తాయి నాకు, ఆవేళ పట్టేదాకా టైము చూడలేదు. నొప్పి పోయిందని చెప్పను. నొప్పి వచ్చేదాకా దాని కోసం ఎదురుచూడలేదు, అంతే.

తర్వాత స్టీలు గ్లాసు. మా పెళ్ళికి వచ్చింది, దాని మీద చుక్కల అక్షరాలతో మా మామగారి పేరు చెక్కించి ఉంది. స్టీలు అంటే బూడిదరంగు అనుకుని పెట్టెలో ఉన్న గ్రే తీస్తే సిమెంటు గ్లాసు వస్తుంది. స్టీలుకి సొంత రంగంటూ లేదు, పక్కన ఏముంటే అదే. నా గ్లాసులో పచ్చతెర పొడుగ్గా సాగి కనిపిస్తుంది, అడుగున నా దుప్పటి నీలం, మధ్యలో ట్యూబుల ఎరుపు సన్నని గీతలా. అది రక్తం రంగని వేసేటప్పుడు గుర్తురాలేదు, ఎరుపు గీత ఎంత సన్నగా ఉండాలో అదే ధ్యాస. వెలుగు పడేచోట తెల్లరంగు పూయకూడదు, కాగితాన్ని వదిలేయాలి. చుక్కల అక్షరాలకి ఓ కిటుకు ఉంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో కాగితం మీద ముందే గట్టిగా చుక్కలు నొక్కి, ఆ పైన రంగు పూయాలి. గుంటల్లోకి రంగు చేరి చుక్కలు వాటంతటవే ముదురుగా తేలతాయి. పేరు చదవొచ్చు కూడా.

అన్నిటికన్నా కష్టపెట్టింది ఆవకాయ జాడి. పైన గోధుమరంగు, కింద తెలుపు, ఆ పింగాణీ జాడి మీ ఇంట్లోనూ ఉంటుంది. ఆవకాయ మీద నాకు ఆంక్ష, ఉప్పు వల్ల. ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్ళు, నీళ్ళు తాగితే ఒళ్ళు బరువు, మర్నాడు మెషిన్ మీద ఆ బరువంతా లాగుతుంటే బీపీ పడిపోవడం. అలాగని జాడిని కూడా దూరం పెట్టాలా? ఖాళీ జాడిని పట్టుకెళ్ళి ఎదురుగా పెట్టుకున్నాను. మూత తీస్తే ఇంకా ఆవపిండి వాసన. ఆ గోధుమరంగు బర్న్ట్ సియన్నాలో, అంటే ఎర్రటి మట్టిరంగులో, రవ్వంత అల్ట్రామెరీన్ నీలం కలిపితే వస్తుంది, నీలం ఎక్కువైతే అదే ముదురు బూడిదరంగు అవుతుంది. గోధుమా తెలుపూ కలిసే చోట గీతలా ఉండదు, కాల్చేటప్పుడు పూత కిందికి జారి చిన్న చిన్న నాలుకలుగా ఆగిపోతుంది. అది వేయాలంటే గోధుమరంగు తడి ఉండగానే అంచు మీద శుభ్రమైన బ్రష్షుతో ఒక్క చుక్క నీళ్ళు వదలాలి. రంగు తనే జారుతుంది. ఈ పని గ్లాసు నీళ్ళూ మామూలు బ్రష్షూ కన్నా ఈ నీళ్ళబ్రష్షుతోనే చక్కగా వచ్చింది. బొటనవేలి నొక్కుడులో ఉంది కిటుకంతా.

కొబ్బరి కోరే కత్తిపీట కూడా వేశాను. కొబ్బరి తోటల మధ్య పుట్టినవాడికి కొబ్బరినీళ్ళు తాగొద్దన్నారు, పొటాషియం అట. అరటిపండూ అంతే. ఆ పొటాషియం తగ్గడానికే మా ఇంటావిడ కూరముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండుతుంది. కత్తిపీట పళ్ళు వేస్తుంటే సిస్టర్ చూసి, దీన్ని హాల్లోకి ఎలా రానిచ్చారని గొడవ చేసింది. ఫొటో తీసుకుని ఇంటికి పంపించేశాను. ఫొటో చూసి వేసిన బొమ్మ బాగా రాలేదు. వస్తువు కళ్ళెదుట ఉండాల్సిందే.

ఇప్పుడు తిట్లు. 24 రంగులు ఇచ్చారు గానీ నాకు పనికొచ్చేవి తొమ్మిదో పదో. గులాబీలు మూడు రకాలు, మెరిసే ఊదా ఒకటి, ఎవరికి కావాలి అవి? వాటి బదులు ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగు గడి పెద్దది చేసుంటే పుణ్యముండేది. రంగుల గడుల మీద పేర్లు లేవు, అయిపోయాక ఏది తెప్పించుకోవాలో తెలియదు. గులాబీ, ఊదా రంగుల్లో ఎండకి వెలిసిపోయేవి ఉన్నాయి. చీటీ మీద అన్ని రంగులూ గీతలుగా పూసి, సగం మీద అట్టముక్క కప్పి కిటికీకి అతికించాను. అట్ట తీసి చూస్తే గులాబీలో తేడా కళ్ళకి కట్టినట్టు కనబడింది. మట్టి రంగులు, ఓకర్, సియన్నా, చెక్కుచెదరలేదు. ఇత్తడి సామాన్లూ కుండలూ వేసేవాడికి ఇబ్బంది లేదు, పూలు వేసేవాళ్ళు ఆలోచించుకోండి.

బ్రష్షులోనూ లోపాలున్నాయి. కుచ్చు నైలాన్‌ది, నీళ్ళు ఎక్కువ పట్టుకోదు. పెద్ద జాగా ఒకే రంగు పూయాలంటే చారలు పడతాయి. కొత్తలో గట్టిగా నొక్కితే బొట్టు పడి బొమ్మ పాడవుతుంది. మూత బిగించకపోతే చొక్కా జేబు తడుస్తుంది. నా పెట్టెతో వచ్చిన బ్రష్షు కొస కొన్నాళ్ళకే రెండుగా చీలింది. విడిగా ఇంకొకటి కొన్నాను, అది బాగుంది. ఏసీ హాల్లో పళ్ళెంలో కలిపిన రంగు చూస్తుండగానే ఆరిపోతుంది, కొద్దికొద్దిగా కలుపుకోండి.

పెట్టెతో కాగితం రాదు. డబ్బు ఖర్చు పెట్టాల్సింది అక్కడే అని నా అభిప్రాయం. డ్రాయింగ్ పుస్తకాల పల్చటి కాగితం రెండోసారి తడి తగలగానే అప్పడంలా లేస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి నీటిరంగుల కాగితం, పోస్టుకార్డు సైజు ప్యాడ్ కొనండి. నూలు కాగితమైతే ఇంకా మంచిది, ధర మండుతుంది, నేను మామూలుదే వాడుతున్నాను. ప్యాడ్ అట్ట గట్టిగా ఉండాలి, పొట్ట మీద ఆనించుకుని వేస్తాం కదా. నాలుగు వైపులా మాస్కింగ్ టేపు వేస్తే కాగితం కదలదు, కుడిచెయ్యి ఒక్కటే ఉన్నవాడికి ఆ టేపే రెండో చెయ్యి.

అయిపోయిన గడుల్ని నింపడానికి ఓ ఉపాయం. ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికే కామెల్ ట్యూబుల్లోంచి రంగు గడిలోకి పిండి, పుల్లతో సర్ది, ఆరనివ్వండి. గట్టిపడ్డాక మామూలుగానే పనిచేస్తుంది. మేం బళ్ళో చదివే రోజుల్లో ఒంటె బొమ్మ ఉన్న రంగుల పెట్టె డ్రాయింగు మాస్టారి బల్ల మీద చూడ్డమే, ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ కంపెనీ 1931లో బొంబాయిలో సిరాలతో మొదలైందట.

మా అమ్మాయి ఒకరోజు ఫోన్లో ఓ బొమ్మ చూపించింది. తెల్లటి బల్ల అంచున ఒకే ఒక్క కాడ. ఆస్పరాగస్ అట, మన పిల్లితేగల జాతి. వేసినాయన ఫ్రాన్సు దేశపు ఎదువార్ మానే. 1880లో ఈ కాడల కట్ట ఒకటి వేసి 800 ఫ్రాంకులకి అమ్మితే, కొన్న షార్ల్ ఎఫ్రుస్సీ అనే ఆసామి 1,000 పంపించాడు. మానే ఆ 200కి లెక్కగా విడిగా ఒక్క కాడ బొమ్మ వేసి పంపాడు, మీ కట్టలో ఇది తగ్గిందని. చిల్లర తిరిగిచ్చే పద్ధతంటే అదీ! కండక్టరుగా నాకు ఆ మనిషి తెగ నచ్చాడు. అప్పటికే ఆయనకి కాలు పాడై నిలబడటం కష్టంగా ఉందట. 1883లో పోయేముందు నెలల్లో పెద్ద బొమ్మలు మానేసి, చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన పూలని గాజు గ్లాసుల్లో పెట్టి, చిన్న చిన్న బొమ్మలు వేశాడు. మనకి ఆయన చెయ్యి రాదు. కానీ చిన్న కాగితం, ఒకే వస్తువు, కూర్చునే పని, ఈ మూడూ మంచాన పడ్డవాడికి కుదురుతాయని ఆ బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

పక్క బెడ్డాయన మందస వైపు మనిషి, జీడిపప్పు బట్టీలో పనిచేసేవాడు. డయాలిసిస్ పింఛను మీద నడుస్తోంది ఇల్లు. నేను కూజా వేస్తుంటే తలతిప్పి చూసి, "ఏటి కండక్టరు బాబూ, తాగడానికి నీల్లు లేవంటే కూజా బొమ్మేత్తన్నావా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం, మెషిన్ కూత పెట్టేదాకా. మట్టి కూజా వెయ్యడం నిజానికి తేలిక. బర్న్ట్ సియన్నా పల్చగా పూసి, ఆరకముందే అడుగున ఇంకొంచెం చిక్కగా దించితే చెమ్మ ఊరినట్టు ఉంటుంది. ఆ చెమ్మ వేసేటప్పుడు గొంతు తడారిన మాట నిజం. దాహం తీరుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఎవరు కొనొచ్చు? కుడిచెయ్యి ఖాళీగా ఉండి, చూపు ఫర్వాలేదనిపించే ఎవరైనా. షుగరు వల్ల కళ్ళు మసకబారినవాళ్ళు పెద్ద కాగితం, లావు బ్రష్షు చూసుకోవాలి, ఈ పెట్టె చికాకు పుట్టిస్తుంది. రాసే చేతికే ఫిస్టులా ఉంటే హాల్లో కుదరదు, ఇంట్లో ఖాళీ రోజుల్లో వేసుకోండి. మొదటి గంట వద్దు, బీపీ కుదురుకోనివ్వండి. ఆవలింతలు, చెమటలు మొదలైతే బ్రష్షు పక్కన పడేసి సిస్టర్ని పిలవండి, బొమ్మ ఎక్కడికీ పోదు. మీ సెంటరులో ముందే అడిగి తీసుకెళ్ళండి, అన్నిచోట్లా మా సిస్టర్ అంత మంచివాళ్ళు ఉంటారని హామీ ఇవ్వలేను.

బ్రష్షుకి ఐదు చుక్కలు, రంగులకి మూడు, పెట్టె తయారీకి నాలుగు. ఓకర్ గడి ఖాళీ అయింది, ట్యూబు తెప్పిస్తున్నాను. మందస ఆయన వచ్చే సిట్టింగుకి వాళ్ళమ్మ వాడిన రాగి చెంబు తెస్తానన్నాడు, సొట్టలతో సహా వెయ్యాలట. రాగికి ఏ రంగులు కలపాలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, ఇత్తడి ఫార్ములా దానికి పనికిరావడం లేదు.